ఇరవై నాలుగని చెప్పిన ఇరవై ఆరు

రెండు డిగ్రీల అబద్ధం ఒకటి ఏళ్ళ తరబడి నా గుండెల మీద కూర్చుంది. రెండు డిగ్రీలంటే ఎంత? గదిలో ఉన్న మనిషికి తెలిసీ తెలియనంత. ఇంత చిన్నదానికా ఇంత బరువు అని మీరు నవ్వితే నేను తప్పు పట్టను. నేను కూడా నవ్వి తీసేయాలని చాలాసార్లు చూశాను. పగలు పనిలో ఉన్నప్పుడు నవ్వు వచ్చేది. ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు వచ్చేది కాదు.

పేరు చెప్పను. చెబితే మా ఆఫీసు తెలిసిపోతుంది, అందులో నాతో పాటు నలుగురి బతుకులున్నాయి. పేరు దాచుకుని ఒప్పుకోవడం ఏం ఒప్పుకోవడం అంటారా? నిజమే. అయితే ఎవరికి చెప్పాలో వాళ్ళకి ముఖాముఖి చెప్పే మీ దగ్గరికి వచ్చాను. అది ఎలా జరిగిందో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

నేను బడికి వెళ్ళి చదివినదాన్ని కాను. మాది అరకు దాటి లోపలికి నడిచే ఒక కొండ ఊరు. చిన్నప్పుడు నన్ను జ్వరాలు వదిలేవి కావు. హాస్టల్లో వేస్తే పిల్ల దక్కదని అమ్మ పట్టుబట్టింది. నాన్న మా చిన్న చర్చిలో ప్రార్థనలు నడిపేవాడు. ఆయనే అక్షరాలు దిద్దించాడు, లెక్కలు చెప్పాడు. ఆయన చదువులో ఒకటే నియమం: చూసింది చూసినంతే చెప్పాలి. వాన పడితే 'పెద్ద వాన' అంటే ఒప్పుకునేవాడు కాదు. వాకిట్లో పెట్టిన గిన్నెలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి వచ్చి చెప్పమనేవాడు. పెద్దయ్యాక ప్రైవేటుగా పరీక్షలు రాసి గట్టెక్కాను. ఈ రోజు నేను తినే ప్రతి ముద్ద వెనుకా ఆ చదువే ఉంది. అందుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెల్లించినా తక్కువే.

ఆ చదువే నన్ను కొండ దించి సాలూరు చేర్చింది. పసుపు, మిరియాలు, కాఫీ గింజలు, చింతపండు, ఇలా కొండ సరుకు కొని దూరప్రాంతాలకి పంపే ఒక షావుకారు గారి ఆఫీసులో చేరాను. కింద గోదాము. మేడ మీద పొడుగాటి గది. ఆ గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుని మావాళ్ళు ఆర్డర్లు తీసుకుంటారు, లారీ ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లలో కనుక్కుంటారు. ఆఫీసు బాగోగులు చూసే పని నాది. తాళాలు నా దగ్గర. మంచినీళ్ళు, కరెంటు, శుభ్రం నా పూచీ. ఏసీ రిమోటు కూడా నా సొరుగులోనే ఉండేది. అది నా చేతికి ఎందుకు వచ్చిందంటే, నేను అబద్ధం ఆడనని అందరికీ గట్టి నమ్మకం. మా ఆఫీసులో అప్పలనాయుడని భారీ మనిషి ఉన్నాడు, లారీల లెక్క అతనిది. "అక్క సెప్పిందంటే గోడ మీద గడియారం సెప్పినట్టే" అనేవాడు. ఆ మాటకి లోపల్లోపల నేను మురిసిపోయేదాన్ని. పాపం అక్కడే మొదలైందేమో. ఇప్పుడు అనిపిస్తుంది.

సాలూరు కొండల పాదాల దగ్గరుంది కాబట్టి చల్లగా ఉంటుందనుకుంటారు తెలియనివాళ్ళు. వేసవిలో కొండలు గాలికి అడ్డం నిలబడతాయి. ఊరు మూతపెట్టిన గిన్నెలా ఉడుకుతుంది. మా గది పైన నేరుగా ఎండ పడే స్లాబు. ఏసీ లేకపోతే కూర్చోలేం. ఏసీ వేస్తే కొట్లాట.

ఆ కొట్లాట సంగతి మీకు తెలియాలి. యంత్రం సరిగ్గా రత్నకుమారి గారి నెత్తిన ఉండేది. ఆవిడ అందరికన్నా పాత ఉద్యోగి. ఏసీ కొత్తగా పెట్టినప్పుడు ఆ కిందిచోటు గౌరవంగా ఆవిడకి ఇచ్చారు. ఆ గౌరవాన్ని ఆవిడ శాలువా కప్పుకుని, చెవులకి ఉన్ని టోపీ పెట్టుకుని, నడివేసవిలో గజగజ వణుకుతూ భరించేది. అప్పలనాయుడు గదికి అవతలి చివర, పడమటి గోడ దగ్గర. ఆ గోడ మధ్యాహ్నానికి పెనంలా కాలేది. ఎవరో వాస్తు చూసి నీ కుర్చీ తూర్పుముఖంగా అక్కడే ఉండాలని చెప్పారట, అతను కదలడు. చల్లదనం తనదాకా రావాలంటే పద్దెనిమిది పెట్టాలంటాడు. పద్దెనిమిది పెడితే రత్నకుమారి గారికి పళ్ళు టకటకమంటాయి. పోనీ ఇద్దరూ కుర్చీలు మార్చుకోవచ్చు కదా? మీకు ఎంత తేలిగ్గా తోచిందో చూడండి. మా ఆఫీసులో ఎవరికీ తోచలేదు. విజయదశమికి ఎవరి కంప్యూటరుకి వాళ్ళు బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, పూజ చేసుకున్న చోటు అది. చోటు వదలడమంటే ఉద్యోగం వదిలినంత. నా మతం వేరైనా నేను కూడా దాన్ని అలాగే చూశాను. కుర్చీని కదపాలన్న ఊహే నాకు రాలేదు.

పద్దెనిమిది మీద పెడితే ఆ యంత్రానికి విశ్రాంతి ఉండేది కాదు. బయట గోడకున్న పెట్టె పొద్దస్తమానం రొద పెడుతూనే ఉండేది. మధ్యాహ్నం అయ్యేసరికి వీధి లైను దెబ్బతిని కరెంటు పోయేది. మాతో పాటు కింది కుట్టుమిషన్ల ఆడవాళ్ళకి పోయేది, పక్కనున్న చిన్న ఆసుపత్రికి పోయేది. వాళ్ళు మా మెట్ల దగ్గరికి వచ్చి, మీ చలువ కోసం మేం ఉడకాలా అని తిట్టిపోయేవారు. షావుకారు గారికి విసుగొచ్చింది. ఇంకొక్కసారి వీధివాళ్ళు గడప ఎక్కితే ఏసీ పీకించి గోదాముకి పంపేస్తాను, అందరూ ఫ్యాను కింద కూర్చోండని తేల్చి చెప్పారు. ఆ స్లాబు కింద ఫ్యానంటే వేడిగాలి విసిరే చేట.

యంత్రాన్ని ఇరవై ఆరు మీద పెట్టి, ఫ్యాన్లు నెమ్మదిగా తిప్పుకుంటే సరిపోతుందని దాన్ని బాగు చెయ్యడానికి వచ్చిన మనిషి నాకు చెప్పాడు. అలాగే పెట్టి, పెట్టిన అంకె ఉన్నదున్నట్టు చెప్పాను. ఇరవై ఆరు అనగానే గదికి గది మండిపోయింది. అప్పలనాయుడు చొక్కా గుండీలు విప్పేసి, ఇదేటి అక్కా, మమ్మల్ని అరిసెల్లాగా వేపేస్తావా అన్నాడు. శాలువా రత్నకుమారి గారు కూడా ఉక్కగా ఉందంది. నేను సొరుగు దగ్గర లేనప్పుడు ఎవరో రిమోటు తీసి మళ్ళీ పద్దెనిమిది చేశారు. కరెంటు పోయింది. వీధివాళ్ళు గడప ఎక్కారు. షావుకారు గారు ఊళ్ళో లేకపోబట్టి బతికాం.

ఆ ఆదివారం చాలాసేపు ప్రార్థించాను. తండ్రీ, అందరికీ చల్లగా ఉండే దారి చూపించమని అడిగాను. సోమవారం అందరికన్నా ముందు వచ్చి, ఇరవై ఆరు మీద పెట్టి, ఫ్యాన్లు వేసి, యంత్రం మీద అంకె కనబడే లైటు ఆర్పేశాను. రిమోటులో దానికో మీట ఉంది. రిమోటు సొరుగులో పెట్టి తాళం వేశాను. అందరూ వచ్చి కూర్చున్నారు. అప్పలనాయుడు ఎంత పెట్టావని అడిగాడు.

ఇరవై నాలుగు అన్నాను.

నోరు తడబడలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. గోడ మీద గడియారం చెప్పినట్టే చెప్పాను.

ఏం జరిగిందో తెలుసా? అందరికీ చల్లబడింది. ఇది కదా లెక్క అన్నాడు అప్పలనాయుడు. మొన్న అరిసె అయిన మనిషి ఇవాళ అదే వేడిలో గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు. రత్నకుమారి గారు టోపీ తీసేసింది. బయట పెట్టె మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ నిశ్శబ్దం వింటూ నా సొరుగు ముందు కూర్చుని స్తోత్రం చెప్పుకున్నాను. అడిగాను, ఇచ్చాడు అనుకున్నాను. నా నోటితో నేనాడిన అబద్ధాన్ని తీసుకెళ్ళి దేవుడి ఖాతాలో వేశాను. కృతజ్ఞత నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన సుగుణమే. దాని వెనుక దాక్కోవచ్చని ఆ రోజు తెలుసుకున్నాను.

ఇంతవరకే అయితే ఇది ఒప్పుకోలు కాదు, తమాషా కథ. ఆ గదిలో ఒక్క మనిషికి మాత్రం చల్లబడలేదు.

ఆమె పేరు చిలకమ్మ అనుకోండి. జి.మాడుగుల వైపు కొండ ఊరి పిల్ల. వాళ్ళ ఊళ్ళో కంప్యూటరు ముందు కూర్చుని జీతం తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల. ఆ ఉద్యోగం గురించి ఆమె మాట్లాడుతుంటే దేవుడి గురించి మాట్లాడుతున్నట్టుండేది. మొగుడు సాలూరులో బండి తోలేవాడు. అందరికన్నా చివర చేరింది కాబట్టి చివరి కుర్చీ దొరికింది. పడమటి గోడ మూలన, అప్పలనాయుడు కన్నా లోపలికి, ఫ్యాను గాలి కూడా సరిగా తగలని చోటు. ఆ వేసవిలో ఆమె కడుపుతో ఉంది.

మొదట విసనకర్ర తెచ్చుకుంది. తర్వాత తడిగుడ్డ మెడ మీద వేసుకునేది. వేడిగా ఉందని ఒకసారి పైకే అంది. గదంతా నవ్వింది. కొండ మీద గుంటవి, నీకు మంచు తెప్పించాలేటి అని అప్పలనాయుడు ఎత్తిపొడిచాడు. ఆడపిల్లని అతను గుంట అనే అంటాడు. ఇరవై నాలుగులో చెమట పట్టడమేమిటి, రక్తం లేదేమో చూపించుకోమని రత్నకుమారి గారు ప్రేమగానే చెప్పింది. ఇరవై నాలుగు. ఆ అంకె అప్పటికే మా గదిలో ఒక సత్యం. దాన్ని కాదన్నవాళ్ళకి జబ్బుండాలి.

ఒక మధ్యాహ్నం వరండాలో మంచినీళ్ళ దగ్గర నన్ను పట్టుకుంది. ఆ మాటలు ఇప్పటికీ ఒక్కటీ జారిపోలేదు.

"అక్కా, ఒకటడగనా? కోప్పడవు కదా."

"అడుగమ్మా."

"నిజంగా ఇరవై నాలుగేనా? నాకు కళ్ళం కాడ ఎండలో కూకున్నట్టుంటంది."

"ఇరవై నాలుగే."

"నీ కళ్ళతోని సూసినావా?"

"నేనే పెట్టాను కదమ్మా, చూడకుండా ఎలా ఉంటాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. అనుమానంతో కాదు. అనుమానంతో చూసి ఉంటే నేను నిలబడలేకపోయేదాన్ని. నమ్మకంతో చూసింది. చూసి, చేతిలో ఉన్న గ్లాసు బోర్లించి, "అయితే నాకే ఏటో అయినాదక్కా" అంది.

నేనేమన్నాను? ప్రార్థన చేస్తానన్నాను. చేశాను కూడా. ఆమె ఆరోగ్యం కోసం, కడుపులో బిడ్డ కోసం, రోజూ పేరు పెట్టి. నిజం తప్ప ఆమెకి అన్నీ ఇచ్చాను.

ఎందుకు చెప్పలేదు? ఆమె ఒక్కదాని చెవిలో చెప్పి ఉండొచ్చు. చెబితే ఆమె నోట మరొకరికి, అక్కడినుంచి అందరికీ పాకి, మళ్ళీ పద్దెనిమిది, మళ్ళీ వీధి గొడవ, ఆఖరికి అందరం ఉడకడం. ఒక్కరి ఉక్కకి పదిమంది సుఖం చెడగొట్టనా అని లెక్క వేశాను. లెక్క బాగానే ఉంది. కాని మీ దగ్గర దాచను, ఆ లెక్క కింద ఇంకోటుంది. అక్క అబద్ధమాడింది అనే మాట ఆ గదిలో పుట్టడం నాకు ఇష్టం లేదు. చిలకమ్మ తన ఒంటిని అనుమానించినా నాకు ఓర్చుకోగలిగేదిగానే తోచింది. నన్ను ఎవరైనా అనుమానించడం మాత్రం ఓర్చుకోలేనిదిగా తోచింది.

ఆమె విజయనగరం వెళ్ళి పరీక్షలు చేయించుకుంది. ఏమీ లేదన్నారు. ఏదో ఉందని తేలినా అంత భయపడేది కాదు. ఏమీ లేకపోవడం ఆమెని కుంగదీసింది. చల్లటి మిషను గదిలో కూర్చుని కూడా తాళలేని ఒళ్ళు పిల్లని ఎలా మోస్తుందని అత్తగారు మొదలుపెట్టింది. రేపు పొలం పని ఎలా చేస్తుందంది. మొగుడు తల్లి మాట విన్నాడు. వేసవి ముగియకముందే మానిపించి కొండ ఎక్కించారు. వెళ్ళే రోజు తన తెర, తన మీటలు కొంగుతో తుడిచింది. నా దగ్గరకొచ్చి, నా కోసం ప్రార్థన సేసినావు, నీ మేలు మరవనక్కా అని దండం పెట్టింది.

నేను ఆ దండం తీసుకున్నాను.

ఆ ఏడు కోతల పండుగకి చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మా ఆఫీసులో దేవుడు శాంతి సమాధానాలు ఎలా ఇచ్చాడో చెప్పాను. కొట్లాటలు ఆగాయని, వీధిలో దీపాలు ఆరకుండా వెలుగుతున్నాయని చెప్పాను. ఒక్క అక్షరం కల్పించలేదు. అయినా అది నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది. అందరూ ఆమేన్ అన్నారు.

తర్వాత ఏళ్ళు నడిచాయి. మా గది ఊళ్ళో గొప్పగా చెప్పుకునే చోటైంది. మిగతా షావుకార్లు తమ మనుషుల్ని చూసి రమ్మని పంపేవారు. పడమటి కిటికీకి తెరలు వెయ్యండి, ఫ్యాన్లు తిప్పండి, ఇరవై ఆరు పెట్టండి అని చాటుగా చెప్పేదాన్ని. వాళ్ళు నెల తిరక్కుండా మళ్ళీ వచ్చి, మా వాళ్ళు ఒప్పుకోవడం లేదమ్మా, మీ వాళ్ళని ఎలా ఒప్పించారని అడిగేవారు. ఓపిక ఉండాలి, ప్రార్థన ఉండాలి అనేదాన్ని. ఇది రాస్తుంటే సిగ్గుతో చెవులు కాలుతున్నాయి. చిలకమ్మకి ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని కబురు తెలిసినప్పుడు మాత్రం ఏడ్చాను. సంతోషంతో అనుకున్నాను అప్పుడు. నా తప్పు తేలిగ్గా పోయినందుకు ఏడ్చానేమో.

కొన్నాళ్ళ కిందట, ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు మొదలైన వారంలో, మా ఊరు వెళ్ళాను. కింద ఎండ ముదురుతోంది కాని పైన తెల్లవారుజాము చలి ఇంకా పోలేదు. పిన్ని ఇంట్లో పడుకున్నాను. లేచేసరికి ఇంటి మధ్య పొయ్యి చుట్టూ అందరూ చేరి ఉన్నారు. పుట్టి పెరిగింది ఆ పొయ్యి ముందే, అయినా ఆ వేళ దాన్ని కొత్తగా చూశాను. కట్టె ఎంత వెయ్యాలో అంతే వేసి ఉంది. చలేసినవాళ్ళు ముందుకి జరుగుతున్నారు. సెగ తగిలినవాళ్ళు వెనక్కి జరుగుతున్నారు. ముసలి మావయ్య లేచి తన చోటు పాలిచ్చే కోడలికి వదిలాడు. ఆమె కాసేపుండి, ఉడుకుతోందని గోడ వారకి పోయింది. మంట మార్చమని ఎవరూ అనరు. మనుషులే మారతారు. ఇంకొకటి కూడా చూశాను. నీకు నిజంగానే చలేస్తోందా అని ఎవరూ ఎవరినీ అడగడం లేదు. చలి అన్నారంటే చలే. ఒళ్ళు వాళ్ళది.

ఈ పొయ్యి ముందు పెరిగినదాన్ని నేను. ఒక చూలింత ఉక్కపోస్తోందంటే ఆమె ఒంటిదే తప్పని సాక్ష్యం చెప్పాను. సాలూరు దిగిన మొదటి వేసవుల్లో నా ఒళ్ళూ అలాగే ఉడికింది. గదిలో ఆమె మాట నిజమని చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని నేనే.

ఆ సోమవారం అందరూ వచ్చి కూర్చున్నాక రిమోటు తీసి, ఆర్పిన లైటు వెలిగించాను. యంత్రం మీద ఇరవై ఆరు కనబడింది. ఇన్నేళ్ళూ ఇదే అన్నాను. ఇరవై నాలుగని చెప్పింది అబద్ధం అన్నాను. ముందు నవ్వారు. రత్నకుమారి గారు నవ్వు ఆపి, ఇన్నేళ్ళూ మమ్మల్ని చిన్నపిల్లల్ని చేశావా అంది. ఆవిడ ఆ తర్వాత చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. అప్పలనాయుడు ఆ అంకెకేసి చూస్తూనే ఉన్నాడు. "అయితే ఆ గుంట నిజమే సెప్పినాది" అన్నాడు.

నేను చెప్పవలసిన మాట అతను చెప్పాడు.

పొయ్యి దగ్గర చూసింది చెప్పాను. యంత్రం ఇరవై ఆరు మీదే ఉంటుంది, మనం జరుగుదాం అన్నాను. నా మాట వినాలన్న అధికారం నాకు పోయిందని నాకు తెలుసు. అందుకే అడుక్కున్నట్టు అడిగాను. మొదట లేచింది అప్పలనాయుడే. తన కుర్చీ తనే ఎత్తుకుని గది పొడుగునా నడిచి, యంత్రం కింద పెట్టి కూర్చున్నాడు. ముఖం ఉత్తరానికి ఉంది. వాస్తు పోనీ, నెత్తి మీద గాలుందన్నాడు. రత్నకుమారి గారు మూతి ముడుచుకునే తన సామాను పడమటి గోడకి చేర్చుకుంది. ఆ సాయంత్రానికి ఆవిడ శాలువా కుర్చీ వీపు మీద మడతపెట్టి ఉంది. ఆ వేసవంతా మా గదిలో కుర్చీలు తిరుగుతూనే ఉన్నాయి. వీధిలో కరెంటు పోలేదు. అంకె అందరి కళ్ళ ముందే ఉంది, ఒక్కరూ ఉడికిపోతున్నానని అరవలేదు. అబద్ధం లేకుండానే అయ్యే పని ఇది. మొదటి రోజే అయ్యేది. నా గెలుపు కాదిది, అయినా గెలుపే. ఆ గదిలో నిలబడి నిజంగా స్తోత్రం చెప్పుకున్నాను, ఈసారి దేవుడి ఖాతాలో నా మాటేమీ కలపకుండా.

షావుకారు గారు నా దగ్గర తాళాలు తీసేసుకున్నారు. రిమోటు ఇప్పుడు గోడకి తాడుతో వేలాడుతుంది, ఎవరైనా చూసుకోవచ్చు. న్యాయమే. నేను అడిగింది ఒక్కటే, చిలకమ్మ వస్తానంటే ఆమె ఉద్యోగం ఆమెకి ఇమ్మని. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, రమ్మను అన్నారు.

జి.మాడుగుల దాకా బస్సు, అక్కడినుంచి జీపు, ఆపైన కాలినడక. చిలకమ్మ వాకిట్లో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండకి ఆరబోస్తోంది. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి చిలకమ్మ మొహం వెలిగింది. ఆ వెలుగు ఆరిపోతుందని తెలిసే చెప్పాను. కూర్చోకుండా, నీళ్ళు తాగకుండా, నిలబడి చెప్పాను. నీకు జబ్బు లేదు, నీ ఒళ్ళు నిజం చెప్పింది, నేను అబద్ధం చెప్పానన్నాను.

ఆమె చేతులు పసుపులోనే ఆగిపోయాయి. కొమ్మునొకదాన్ని తిప్పితిప్పి చూసింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. క్షమిస్తుందేమోనని లోపలెక్కడో ఆశ కూడా పడ్డాను, ఎందుకు దాచాలి.

"మళ్ళీ సెప్పు" అంది. "మా అత్తకి ఇనబడేలాగ సెప్పు."

అరుగు వైపు తిరిగి మళ్ళీ చెప్పాను. ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. చిలకమ్మ ఇంకా గట్టిగా అంది. ఇంకా గట్టిగా చెప్పాను. పక్కింటి ఆడవాళ్ళు ఏటి ఏటని కంచె దగ్గరకొచ్చారు. వాళ్ళకీ సెప్పు అంది. వాళ్ళకీ చెప్పాను. చెబుతున్న కొద్దీ చిలకమ్మ నిటారుగా నిలబడింది. పసుపు చేతులు నడుము మీద పెట్టుకుని, ఇనండి, బాగా ఇనండి అన్నట్టు అందరి ముఖాలూ చూసింది. అత్తగారు నేల చూసింది. అంత అందంగా నిలబడిన మనిషిని నేను ఈ మధ్య ఎక్కడా చూడలేదు.

ఉద్యోగం సంగతి చెప్పాను. ఆలోచించుకుంటానంది. "వస్తే ఎక్కడ కూకోవాలో నేనే సెప్తాను, మీరెవులూ కాదు" అంది. సరేనన్నాను. క్షమించమని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆమె అప్పటికే నా వల్ల చాలా పోగొట్టుకుంది, ఇంకా ఏదో ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు. పొద్దు వాలుతున్న కొండవైపు చూసి, "ఇంక ఎల్లు. జీపు తప్పిపోద్ది" అంది. అంతే.

దిగుతున్నాను. వెనక వాకిట్లో ఇంకెవరో కొత్తగా వచ్చినట్టున్నారు, చిలకమ్మ మొదటినుంచీ చెబుతోంది. నా గొంతు అనుకరిస్తోంది, నా నిదానం, నా 'ప్రార్థన చేస్తానమ్మా' అన్న మాట. ఆడవాళ్ళు గొల్లున నవ్వుతున్నారు. దారి మలుపు తిరిగేదాకా వినబడింది. నా గుండె అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. ఆగి విన్నాను. ఎక్కడా ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు. నేను చేసింది చేసినంతే చెబుతోంది.